విమానమెక్కితే ప్రవాసి, రైలెక్కితే వలస కూలీ

ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన మర్నాటి నుంచి తెలుగు పత్రికల్లో ‘వలసలు’ అనే మాట విరివిగా కనిపిస్తుంది. వలసలు జోరందుకున్నాయని ఒక పేజీలో, వలసలతో ఫలానా పార్టీ ఖాళీ అవుతోందని మరో పేజీలో శీర్షికలుంటాయి. ఆ మాట శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు పోయే మత్స్యకారుడి గురించి కాదు. ఒడిశా నుంచి వచ్చి గాజువాక రేకుల షెడ్డులో తలదాచుకునే హమాలీ గురించీ కాదు. టికెట్టు దక్కని నాయకుడు కండువా మార్చుకోవడం గురించి. బతుకుతెరువు వెతుక్కుంటూ ఊరు విడిచిన తరతరాల జనం కథను మోసిన మాటను ఎన్నికల కాలంలో మన పాత్రికేయం గోడదూకే నాయకులకు ధారాదత్తం చేసింది. మాట పోతే పోనీ అనుకోవచ్చు. మాటతో పాటు మనుషులు కూడా పేజీలోంచి పోతున్నారన్నదే ఇక్కడి ఫిర్యాదు.

నిజంగా ఊరు విడిచినవారు ఎన్నికల వార్తల్లో అసలు కనిపించరని కాదు. కొందరు బాగానే కనిపిస్తారు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకేసారి పోలింగ్ జరిగింది. అంతకు రెండు రోజుల ముందు నుంచే టీవీ వాహనాలు హైదరాబాద్–విజయవాడ రహదారి మీద టోల్‌ప్లాజాల వద్ద మకాం వేశాయి. బారులు తీరిన కార్లు, కిక్కిరిసిన బస్సులు, అమెరికా నుంచి సొంత ఖర్చుతో ఓటు వేయడానికి వచ్చిన ప్రవాసులతో ముఖాముఖిలు. ఓటు కోసం అంత దూరం రావడం మెచ్చదగిన పనే, సందేహం లేదు. ఆ ఎన్నికల్లో 81.86 శాతం పోలింగ్ నమోదు కావడంలో వారి వాటా కూడా ఉంది. కానీ కెమెరా నిలబడిన చోటును బట్టి వార్త తయారవుతుంది. కెమెరా టోల్‌ప్లాజా వద్ద నిలబడింది. విశాఖ రైల్వేస్టేషన్‌లో జనరల్ బోగీ తలుపు ఎదుట నిలబడలేదు. చెన్నైలో ఇళ్లు కట్టే విజయనగరం మేస్త్రీ రెండు రోజుల కూలీ, రానుపోను ఛార్జీ లెక్కవేసుకుని ఊరికి రావాలా మానాలా అని తేల్చుకోలేకపోవడం ఎన్నికల వార్తే. అది వార్త అయ్యే అర్హత పొందలేదు.

ఊరు విడిచి వేరేచోట బతకడం అనే ఒకే పనికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో చూడండి. ప్రవాసాంధ్రుడు, ఎన్నారై, సెట్లర్, వలస కూలీ, నిర్వాసితుడు, కాందిశీకుడు, శరణార్థి, చొరబాటుదారు. ఎవరికి ఏ పేరు తగిలించాలన్నది దూరాన్ని బట్టి తేలేది కాదు. డాలస్‌కు పోయినవాడు వెరావల్‌కు పోయినవాడి కన్నా ఎన్నో రెట్లు దూరం పోయాడు, అయినా వాడు వలస కూలీ కాడు. ఆస్తి, చదువు, వాటి వెనుక ఉన్న కులం కలిసి ఆ పేరును నిర్ణయిస్తాయి. పైనుంచి కిందికి ఒక నిచ్చెనమెట్ల క్రమం ఉన్న పేర్లివి. విమానాశ్రయంలో పూలమాల పడేది పై మెట్టు మీది పేరుకే.

ఈ సంగతి చర్చించడానికి విశాఖపట్నం కన్నా తగిన ఊరు లేదు. ఇది వలసలు కట్టిన నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమయ్యే నాటికి ఇది ఓ మోస్తరు పట్టణం. ఆ తర్వాత 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో వచ్చిన చమురు శుద్ధి కర్మాగారం, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం ఒకదాని వెంట ఒకటి శ్రీకాకుళం, విజయనగరం పల్లెలను, ఒడిశా కొండ ప్రాంతాలను ఖాళీ చేయించి ఇక్కడికి రప్పించాయి. రేవులో బస్తాలు మోసినవారు, పట్టాలు పరిచినవారు, నగరం మలినాన్ని తరాలుగా ఎత్తిపోస్తున్న రెల్లి కులస్థులు, వీరిలో ‘మేం ఇక్కడి వాళ్లం’ అని నాలుగు తరాల వెనక్కి చెప్పగలిగేవారు ఎందరు? కంచరపాలెంలోనో మల్కాపురంలోనో ఏ గల్లీలోకి వెళ్లి అడిగినా తాత ఊరు వేరే చెబుతారు.

రేవు రాకముందు ఇదే తీరం నుంచి జనం బయటికి పోయేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ తీరాల నుంచి స్టీమర్లు కూలీలను రంగూన్‌కు చేరవేశాయి. కోరంగి రేవు పేరు మీదుగా బర్మీయులు తెలుగువారిని కోరంగీలు అన్నారు. రంగూన్ రేవులో సరుకు ఎత్తినది, ధాన్యం మిల్లుల్లో పనిచేసినది ఎక్కువగా ఈ కోరంగీలే. వారిలో భూమి లేని దళితులు, చిన్న కమతాల వెనుకబడిన కులాల వారు అధికం. 1930 మే నెలలో తెలుగు రేవు కార్మికులు కూలీ పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వారి చోట బర్మీయులను దింపారు. సమ్మె ముగిసి పాతవారు పనిలోకి తిరిగి రాగానే కొత్తవారిని పొమ్మన్నారు. ఆ కోపం యజమానుల మీదికి పోలేదు, కోరంగీల ఇళ్ల మీదికి మళ్లింది. మే 26న మొదలైన దాడుల్లో తెలుగు కూలీలు ఊచకోతకు గురయ్యారు. బయటివాడు వచ్చి మన పని లాక్కుంటున్నాడన్న మాట ఎవరికి లాభిస్తుందో, ఎవరి ప్రాణం తీస్తుందో అర్థం కావడానికి ఆ ఒక్క నెల చరిత్ర చాలు. అప్పుడు బయటివాడు తెలుగువాడు.

1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు నాలుగైదు లక్షల మంది భారతీయులు అక్కడి నుంచి పారిపోయి వచ్చారు. అరకాన్ అడవుల మీదుగా, మణిపూర్ కొండల మీదుగా కాలినడకన బయల్దేరిన వారిలో వేలాది మంది దారిలోనే రాలిపోయారు. ఓడల్లో చోటు ఎవరికి దక్కిందో, అడవిదారి ఎవరికి మిగిలిందో చెప్పనక్కర్లేదు. 1964లో నె విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత వచ్చింది. ఇప్పటికీ విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఆ రోజుల్లో మన పత్రికలు ఆ జనాన్ని కాందిశీకులు అన్నాయి. ఏ దిక్కుకు పోను అని వెతుక్కునేవాడు అని ఆ సంస్కృత పదానికి వ్యుత్పత్తి చెబుతారు. అందులో జాలి ఉంది, మర్యాద ఉంది. దిక్కు చూపించాల్సిన బాధ్యత వినేవాడిదే అన్న సూచనా ఉంది.

అదే బర్మా నుంచి, అదే అరకాన్ నుంచి మన కాలంలో ఇంకొక జనం వచ్చింది. వాళ్లు రోహింగ్యాలు. కొన్ని వేల మంది హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ పరిసరాల్లో గుడిసెల్లో ఉంటున్నారు. చెత్త ఏరుకుని, అడ్డా మీద నిలబడి, దొరికిన కూలీ చేసుకుని బతుకుతున్నారు. ఈసారి మన పత్రికలకు కాందిశీకులు అన్న మాట గుర్తుకు రాలేదు.

గుర్తుకు రాకపోవడానికి ఒక సందర్భముంది. 2020 అక్టోబరు రెండో వారంలో హైదరాబాద్‌ను వరద ముంచెత్తింది. నాలాలు పొంగి బస్తీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇంటికి పదివేల రూపాయల వరద సాయం అందరికీ అందలేదని జనం రోడ్డెక్కారు. డిసెంబరు 1న నగరపాలక సంస్థ ఎన్నికలు. మురుగుకాల్వలు, చెరువుల కబ్జాలు, వరద సాయం మీద జరగవలసిన ప్రచారమది. నవంబరు 24న భారతీయ జనతా పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్, తాము గెలిస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేసి రోహింగ్యాలను, పాకిస్తానీలను తరిమేస్తామన్నారు. అప్పటి నుంచి పోలింగ్ దాకా తెర మీద వరద నీరు ఇంకిపోయింది, రోహింగ్యాలు పొంగిపొర్లారు. ఆయన అన్నదీ, దానికి ప్రత్యర్థులు అన్నదీ, దానికి మళ్లీ ఆయన అన్నదీ, రాత్రి చర్చల్లో అందరూ కలిసి అరిచినదీ వార్త అయ్యాయి. 2016లో 4 డివిజన్లున్న ఆ పార్టీకి ఆ ఎన్నికల్లో 48 వచ్చాయి. ఆ గెలుపంతా ఆ ఒక్క మాట వల్లనే అనడం అమాయకత్వం. అయితే శరణార్థికి ఓటు హక్కు లేదన్న చిన్న వాస్తవం ఆ వారం రోజుల శీర్షికల్లో ఎన్నిసార్లు కనిపించింది? తప్పుడు గుర్తింపు పత్రాల కేసులు కొన్ని నమోదైన మాట వాస్తవమే. వాటిని కేసులుగా రాయవచ్చు, ఎన్ని, ఎక్కడ, ఏ దశలో ఉన్నాయో చెప్పవచ్చు. అలా రాస్తే ఆరోపణ దాని అసలు పరిమాణానికి కుంచించుకుపోతుంది. ఆ పని చేయకపోవడం వల్లనే అది నగరమంతటి భయంగా పెరిగింది.

ఇంకా బాధించేది ఒకటుంది. అదే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో లాక్‌డౌన్ వేళ చెన్నై–కోల్‌కతా రహదారి మీద పిల్లలను భుజానికెత్తుకుని నడిచిన ఒడిశా, బెంగాల్ కూలీల గురించి తెలుగు పత్రికలు గొప్పగా రాశాయి. చద్దన్నం పెట్టిన పల్లెల గురించి, పగిలిన పాదాల గురించి మొదటి పేజీలో ఛాయాచిత్రాలు వేశాయి. మన పాత్రికేయులకు కళ్లు లేవనీ మనసు లేదనీ ఎవరనగలరు? ఆరు నెలలు తిరిగేసరికి ఎన్నికల గంట మోగింది. మేలో నడిచివచ్చిన పేదవాడు నవంబరులో చొరబాటుదారు అయ్యాడు. మనసు మారలేదు, వార్తను ఎవరి నోటి నుంచి తీసుకుంటున్నామన్నది మారింది. మేలో రోడ్డు మీద నడిచేవాడి నోటి నుంచి తీసుకున్నారు. నవంబరులో వేదిక మీద మైకు పట్టుకున్నవాడి నోటి నుంచి తీసుకున్నారు.

మళ్లీ విశాఖకు వద్దాం. ఇక్కడ రోహింగ్యాల ఊసు పెద్దగా లేదు గానీ బయటివారన్న మాట ప్రతి ఎన్నికలోనూ తిరుగుతుంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఉత్తరాంధ్ర భూములు, కొండలు, తీరం ఎవరి చేతుల్లోకి పోయాయన్నది న్యాయమైన ప్రశ్న. ఈ ప్రాంతపు బీసీ, దళిత, ఆదివాసీ కులాల నుంచి నాయకత్వం ఎందుకు ఎదగనివ్వలేదన్నది మరింత న్యాయమైన ప్రశ్న. విశాఖ లోక్‌సభ స్థానం నుంచి 1996, 1998లలో టి. సుబ్బరామిరెడ్డి, 2004లో నేదురుమల్లి జనార్దనరెడ్డి, 2009లో దగ్గుబాటి పురందేశ్వరి గెలిచారు. ముగ్గురూ ఈ జిల్లా వారు కారు. ముగ్గురి విషయంలోనూ పత్రికలకు స్థానికత అంత పెద్ద అడ్డంకిగా తోచలేదు. 2014లో వై.ఎస్. విజయమ్మ పోటీకి దిగినప్పుడు మాత్రం కడప నుంచి మనుషులు దిగి నగరాన్ని ఆక్రమిస్తారన్న ప్రచారం ఊరంతా పాకింది. అది ఒక ప్రాంతపు సామాన్య జనం మొత్తాన్ని రౌడీలుగా చూపే ప్రచారమని విడమరచి చెప్పే ఓపిక మన వార్తలకు లేకపోయింది. ఈ కొలత ఏమిటో గమనించాలి. భూమి కొనడానికి వచ్చిన బయటివాడు పెట్టుబడిదారు. పోటీ చేయడానికి వచ్చినవాడు, మనకు నచ్చితే జాతీయ నాయకుడు, నచ్చకపోతే వలస పక్షి. పని చేయడానికి వచ్చినవాడికి పేరే లేదు.

ఉక్కు సంగతి చూడండి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం 1966లో 32 మంది ప్రాణాలు తీసుకుంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయ ఆమోదం ఇచ్చాక అదే నినాదం మళ్లీ లేచింది. ఆ మార్చిలో జరిగిన నగరపాలక ఎన్నికల్లోనూ, 2024 ఎన్నికల్లోనూ ఉక్కు ప్రచారాంశమైంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు మొదటి పేజీలు నిండిపోయాయి. ఇంతటి వార్తా ప్రవాహంలో ఆ కర్మాగారం కోసం లేచిపోయిన 64 గ్రామాల నిర్వాసితులకు దక్కిన చోటు ఎంత? పునరావాసపు ఆర్ కార్డులు పదహారు వేలకు పైగా ఇచ్చారు. ఉద్యోగాలు దక్కింది అందులో సుమారు సగం మందికే. తండ్రి చేతిలోని కార్డు కొడుక్కి వచ్చింది, కొడుక్కి నలభై ఏళ్లు దాటాయి. ఆంధ్రుల హక్కు అన్న మాటలో ఆంధ్రుడు ఎవరు, తన పొలంలో కట్టిన కర్మాగారం గేటు బయట కాంట్రాక్టు పాసు కోసం నిలబడిన యాదవుడా, మాలవాడా, మత్స్యకారుడా? 2025లో కాంట్రాక్టు కార్మికులను తొలగించడంపై సమ్మె జరిగింది. ఆ తొలగించిన వారిలో నిర్వాసితులెందరు, ఏ కులాల వారు, ఒడిశా, బిహార్‌ల వారెందరు అన్న లెక్క వేయడం ఒక విలేకరికి పది రోజుల పని. ఎన్నికల వేళ ఆ పది రోజులు అభ్యర్థుల ఆస్తుల పట్టికలకు ఖర్చవుతాయి. ఆ పట్టికలూ కావాలి, కాదనను.

తూర్పు తీరపు మత్స్యకారుల కథ అందరికీ తెలిసినదే, ఈమధ్య సినిమా కూడా వచ్చింది. 2018 చివర్లో వెరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారిని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వాఘా సరిహద్దు వద్ద వారిలో ఇరవై మందిని అప్పగించింది. మధ్యలో 2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు జరిగాయి. వారు కరాచీ జైల్లో ఉన్నారు. ప్రచారంలో వారి విడుదల గురించి హామీలు వినిపించాయి, పత్రికలు రాశాయి. రాయని సంగతి వేరే ఉంది. జైల్లో ఉన్నవారిని విడిచిపెట్టినా వెరావల్‌లో, పరదీప్‌లో, చెన్నైలో పడవల మీద ఉన్న వేలాది మంది వాడబలిజ, అగ్నికులక్షత్రియ యువకులు ఆ ఏప్రిల్‌లో ఓటు వేయలేదు. పశ్చిమ తీరంలో వేట ఆగస్టులో మొదలై మే దాకా సాగుతుంది. మన ఎన్నికలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. ఒక కులం ఓటు ఎన్నికల క్యాలెండరులోనే జారిపోతోంది. ఉత్తరాంధ్ర వలసలు ఆపుతాం అని ప్రతి పార్టీ ప్రతి ఎన్నికలో వాగ్దానం చేస్తుంది. ఆ వాగ్దానాన్ని వినవలసినవాడే సభలో లేడు.

ఊరు దాటితే పోయేది ఓటు ఒక్కటే కాదు, ఈ పేజీ చదివేవారికి అతి ముఖ్యమైన సంగతి ఇదే. కులం వెంట వస్తుంది, కులానికి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ వెంట రాదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగ లేదా కులానికి చెందినవారు వేరే రాష్ట్రానికి వలస వెళితే అక్కడ ఆ హోదా దానంతటదే వర్తించదని చెప్పింది. 2018లో మరో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే బలపరిచింది. వెనుకబడిన తరగతుల జాబితాలూ రాష్ట్రాల వారీవే. ఇక్కడ బీసీ అయిన మత్స్యకారుడి ధ్రువపత్రం గుజరాత్‌లో చెల్లని కాగితం. అంటరానితనానికి రాష్ట్ర సరిహద్దు తెలియదు, రిజర్వేషన్‌కు మాత్రం తెలుసు. దూరం ఎందుకు, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ బీసీ జాబితా నుంచి 26 కులాలను తీసివేశారు. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కాళింగ, గవర, పోలినాటి వెలమ వంటి ఉత్తరాంధ్ర కులాలు అందులో ఉన్నాయి. దశాబ్దాలుగా హైదరాబాద్‌లో మేస్త్రీలుగా, మిల్లు కార్మికులుగా, అపార్టుమెంట్ల కాపలాదారులుగా బతుకుతున్నవారి పిల్లలు ఒక్క ఉత్తర్వుతో ఓపెన్ కేటగిరీలో పడ్డారు. ఆ కులాలను తిరిగి చేర్చాలన్న డిమాండు అప్పటి నుంచి నలుగుతోంది. అయితే హైదరాబాద్ ఎన్నికలప్పుడు ‘సెట్లర్ల ఓటు ఎటు’ అన్న విశ్లేషణలు చదవండి. కూకట్‌పల్లి, ఎల్‌బీనగర్‌లలో రెండు మూడు భూస్వామ్య కులాల మొగ్గు ఎటు అన్నదే ఆ విశ్లేషణల సారం. సెట్లర్ అనే పేరు కూడా ఆస్తి ఉంటేనే దక్కుతుంది కాబోలు. అదే కాలనీలో మెట్ల కింద గదిలో ఉంటూ గేటు తీసే తూర్పు కాపు సెట్లర్ కాడు, ఊరికే ‘శ్రీకాకుళం వాడు’.

ఈ మాటలన్నీ పాతవే, ఇప్పుడెందుకని అడగవచ్చు. బిహార్‌లో జరిగింది చూశాక ఇవి పాతవి కావు. 2025 జూన్ 24న ఎన్నికల సంఘం ఆ రాష్ట్రంలో ఓటర్ల జాబితా ప్రత్యేక విస్తృత సవరణను ప్రకటించింది. జూలైలో నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్ దేశస్థులు పెద్దసంఖ్యలో జాబితాలో ఉన్నట్టు తేలిందని సంఘం వర్గాలు చెప్పినట్టుగా దేశమంతటా వార్తలు వచ్చాయి. పేరులేని వర్గాలు, సంఖ్య లేని ఆరోపణ. తెలుగు పత్రికలూ ఛానళ్లూ దాన్ని యథాతథంగా అనువదించాయి. ఆగస్టు 1న ముసాయిదా జాబితాలో లేకుండా పోయిన పేర్లు సుమారు 65 లక్షలు. అందులో 22 లక్షలు చనిపోయినవారు, 7 లక్షలు ఒకటికి మించిన చోట్ల నమోదైనవారు, 36 లక్షలు శాశ్వతంగా తరలిపోయినవారు లేదా కనిపించనివారు అని సంఘమే చెప్పింది. విదేశీయుల గడి ఆ లెక్కలో లేదు. అన్నింటికన్నా పెద్ద గడి తరలిపోయినవారిది. అంటే విదేశీయుడి కోసం వేసిన వలలో పడింది వలస బిహారీ. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించడానికి ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. మొదట వచ్చిన విదేశీయుల శీర్షిక ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో, తర్వాత వచ్చిన ఈ లెక్క అంత పెద్ద అక్షరాల్లో పడలేదు.

పరవాడ, అచ్యుతాపురం ఫార్మా, రసాయన కర్మాగారాల్లో, మధురవాడ వైపు లేస్తున్న అంతస్తుల్లో పనిచేసే బిహారీలు ఆ 36 లక్షల్లో ఉండవచ్చు. విశాఖ విలేకరికి అది పట్నా వార్త కాదు, తన బీటు వార్త. ఒక్క సాయంత్రం లేబర్ కాలనీకి పోయి ‘మీ పేరు ఉందా’ అని అడిగితే చాలు. ఇంతలో 2025 నవంబరులో ఆ సవరణ మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు విస్తరించింది. వాటిలో గుజరాత్ ఉంది, అక్కడ వెరావల్ ఉంది. పశ్చిమ బెంగాల్ ఉంది, అక్కడ రైల్వే పని కోసం వెళ్లి స్థిరపడిన ఖరగ్‌పూర్ తెలుగువారున్నారు. అండమాన్ ఉంది, విశాఖ నుంచి ఓడ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్ చేరిన ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. రంగూన్‌లో కోరంగీలకు ఎదురైన ప్రశ్న, మీరు ఎక్కడివారు అన్నది, అక్కడి మనవారికి కాగితం రూపంలో ఎదురైంది. మన పత్రికల్లో అది ఉత్తరాది రాజకీయ రగడగా మాత్రమే వచ్చింది.

చట్టం మరీ గుడ్డిది కాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఎవరూ ఆ ఊరి సాధారణ నివాసి కాకుండా పోరు. ప్రవాస భారతీయులకు 2010 సవరణతో ప్రత్యేక సెక్షనే చేర్చారు. విదేశంలో ఉన్నా సొంత ఊరి జాబితాలో పేరు ఉంచుకోవచ్చు. స్వదేశంలో వలస పోయినవాడికి మాత్రం అంత స్పష్టమైన వెసులుబాటు లేదు. ఉన్నచోట నుంచే ఓటు వేయగల యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రతిపాదించింది. 2023 జనవరిలో పార్టీలకు చూపించబోతే అవి అభ్యంతరం చెప్పాయి. యంత్రం మీద అనుమానాలు సహేతుకమే కావచ్చు, దాని మీద నాకూ ఉన్నాయి. కానీ ఆ తర్వాత వేరే మార్గం ఏమిటని ఆ పార్టీలను అడిగిన ముఖాముఖి ఒక్కటైనా 2024 ప్రచారంలో గుర్తుందా?

ఎందుకు అడగరన్నదానికి సమాధానం వార్తా గదిలో ఉంది. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి హిందీ, ఇంగ్లిష్ సంస్థల నాయకత్వ స్థానాలను లెక్కవేశాయి. చూసిన 121 స్థానాల్లో 106 అగ్రకులాలవే, ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. తెలుగులో అలాంటి లెక్క వేస్తే వేరుగా వస్తుందని పందెం కాసేవారెవరు? మన దగ్గర ఇంకో మడత ఉంది. మండల విలేకరుల్లో బీసీలు, దళితులు గణనీయంగానే ఉన్నారు. వలసల గ్రామం నుంచి వచ్చినవాడు, అన్న వెరావల్‌లో ఉన్నవాడు కూడా విలేకరిగా ఉన్నాడు. అతనికి జీతం లేదు, ప్రకటనల లక్ష్యం ఉంది. ఎన్నికల నెలలో అతడు పంపవలసింది అభ్యర్థి పర్యటన, చేరికల ఫొటో. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలున్నాయని అతనికి తెలుసు. అది ఎన్నికల వార్త అని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన డెస్కుకు ఆ తాళాల సంగతి తెలియదు.

చేయదగిన పని కష్టమైనదేమీ కాదు. ప్రతి పోలింగ్ కేంద్రానికీ ఊళ్లో లేనివారు, తరలిపోయినవారు, చనిపోయినవారు అని ఒక జాబితా తయారవుతుంది. బూత్ స్థాయి అధికారి దగ్గరా, పార్టీల ఏజెంట్ల దగ్గరా ఆ కాగితం ఉంటుంది. పోలింగ్ రోజు దొంగ ఓటు పడకుండా ఆపడానికి దాన్ని వాడతారు. ఒక విలేకరి ఎచ్చెర్ల తీరంలోనో, భీమిలి మండలంలోనో ఆ కాగితం పట్టుకుని నడవాలి. మన ఊళ్లలో ఓటర్ల జాబితా ఇంటి నంబర్ల వరుసలో, వీధుల వారీగా ఉంటుంది. మన ఊళ్లలో వీధి అంటే కులం. ఊళ్లో లేనివారి గడి ఏ వీధి దగ్గర నల్లబడుతోందో చూస్తే ఎవరి ఓటు ఎక్కడ పోతోందో ఏ సర్వే అక్కర్లేకుండా తెలుస్తుంది. ఆ సవరణ ఇక్కడికి వచ్చేలోగా ఈ పని జరగాలి. బిహార్‌లో అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు ఆగస్టు 1 నుంచి సెప్టెంబరు 1 దాకా. అదే గడువు మనకూ పెడితే, ఆ నెలలోనే మత్స్యకార వీధుల్లోని మగవారంతా వెరావల్ రైలెక్కుతారు.